సాలూరు బస్సులో విశ్వవిద్యాలయం

ఫొటో లేని పని జరగని పనే అన్నది మా విశ్వవిద్యాలయం మూలసూత్రం. దీన్ని కనిపెట్టినవారు నాణ్యతా విభాగం డైరెక్టరు ప్రభంజనరావు గారు. అమలు చేసేది నేను. దూరవిద్యా విభాగంలో సూపరింటెండెంటుని. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా తీసుకోలేదు, ఇచ్చినవి మాత్రం చాలానే ఉన్నాయి.

సూత్రం తేలికే. కొన్నేళ్లకోసారి మా దగ్గరికి మూల్యాంకన సంఘం వచ్చి మార్కులు వేస్తుంది. మార్కులకి సాక్ష్యం కావాలి. సాక్ష్యమంటే ఫొటో. అందులో వెనక బ్యానరు, ముందు మనుషులు, కింద మూలన ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఉండాలి. మొక్కలు నాటితే మొక్క, బ్యానరు, అక్షాంశం మూడూ ఒకే ఫొటోలో పడాలి. ఆ మొక్క తర్వాత బతికిందా అని ఎవరూ అడగరు, ఎందుకంటే ఫారంలో ఆ గడి లేదు.

అన్నీ సవ్యంగా సాగుతుండగా డైరెక్టరు గారి దృష్టి ఆన్‌లైన్ డిగ్రీ మీద పడింది. అది బోధనా సాంకేతిక శాఖ ప్రొఫెసరు సువర్చల గారి సృష్టి. మనుషులకి యంత్రాల ద్వారా చదువు ఎలా చెప్పాలన్నదే ఆవిడ చదువు. ఉద్యోగాలు మానుకుని కాలేజీకి రాలేనివాళ్ల కోసం ఆ డిగ్రీ పెట్టారు. లైన్‌మన్లు, నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు, మొత్తం రెండువందల పన్నెండు మంది చేరారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ముప్పావుగంట పాఠం. ఎవరున్నచోట వాళ్లు ఫోన్లో వింటారు. ఆవిడ 'తోడు' అని ఒక కృత్రిమ మేధని కూడా తయారుచేసి పెట్టారు. రాని సంగతి దాన్ని అడిగితే వాడుక భాషలో ఓపిగ్గా చెబుతుంది.

డైరెక్టరు గారు ఆవిడని పిలిపించారు. ఫైలు పట్టుకుని నేనూ అక్కడే నిలబడ్డాను.

"తరగతుల ఫొటోలు ఏవమ్మా?" అన్నారాయన.

"ఎవరింట్లో వాళ్లుంటారు కదండీ. ఆన్‌లైన్."

"అంటే ఇంతవరకూ తరగతులే జరగలేదన్నమాట."

"రోజూ జరుగుతున్నాయండీ!"

"భౌగోళిక నిర్ధారణ లేకుండా జరిగినట్టు తమరెలా చెప్పగలరు ప్రొఫెసరు గారూ?"

సువర్చల గారికి ఒళ్లు మండినట్టుంది. "పోనీ కృత్రిమ మేధ చేత ఒక ఫొటో గీయించెయ్యమంటారా? రెండు నిమిషాల పని. రెండువందల పన్నెండు మందినీ కూర్చోబెట్టేస్తుంది" అన్నారు.

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "దొంగ సాక్ష్యమా! నా సర్వీసులో అబద్ధపు కాగితం ఒక్కటి లేదు" అన్నారు. అది నిజమే. ఆయన నిజాయితీని వేలెత్తి చూపేవాళ్లు లేరు. ఆయన కాస్త తక్కువ నిజాయితీపరుడైతే రెండువందల పన్నెండు మందికి బోలెడు ప్రయాణాలు తప్పేవి.

వారంలో సర్క్యులరు వచ్చింది. డైరెక్టరు గారు రాసింది నాలుగు వాక్యాలే. దాన్ని కొంచెం గంభీరంగా చెయ్యమని ఒక కృత్రిమ మేధకి ఇస్తే పదకొండు పేజీలు చేసింది. అందులో ముఖ్యమైన భాగం ఇది: "ఆన్‌లైన్ విద్యార్థులు ఆన్‌లైన్ తరగతులకు విశ్వవిద్యాలయ ఆవరణమునందలి సెమినార్ హాలునకు స్వయముగా విచ్చేసి, అచ్చటినుండి ఆన్‌లైన్‌లో హాజరు కావలెను. ఇకమీదట జరుగు నలభై తరగతులలో ముప్పైకి తగ్గిన హాజరు గలవారికి హాల్‌టికెట్టు జారీ చేయబడదు."

సువర్చల గారు ఆ సాయంత్రమే మొదటి వినతిపత్రం ఇచ్చారు. నేను దానికి నంబరు వేసి ఫైల్లో పెట్టాను. అలాంటివి మొత్తం పన్నెండు ఇచ్చారు. ఆ ఫైలు ఇప్పటికీ చాలా శుభ్రంగా ఉంది.

మొదటి రోజు సెమినార్ హాలు కిటకిటలాడిపోయింది. వెనక బ్యానరు, దాని మీద ముగ్గురు అధికారుల ఫొటోలు, 'ఆన్‌లైన్ తరగతి' అన్న అక్షరాలు, తేదీ. ఎవరి ఫోను వాళ్లు ముఖానికి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. సువర్చల గారు హాల్లో ఉంటే అది ఆన్‌లైన్ కాదు కాబట్టి పక్కగదిలో కూర్చోబెట్టాం. ఒంటిగంటకి రెండువందల పైచిలుకు ఫోన్లు ఒక్కసారి ఇంటర్నెట్ అందుకునేసరికి అది చతికిలబడింది. బొమ్మ ఆగిపోయింది, మాట రాలేదు. ఆవిడ అరగంట ప్రయత్నించి, విసిగి, లేచి వచ్చి హాలు గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు వినపడుతోందా?" అన్నారు.

"వినపడుతోంది మేడం!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆవిడ అక్కడే నిలబడి పాఠం చెప్పేశారు. చక్కటి పాఠం, నాకు కూడా అర్థమైంది. మర్నాడు ఆవిడకి మెమో ఇవ్వాల్సి వచ్చింది. అభియోగం, ఆన్‌లైన్ తరగతిలో అనధికార ప్రత్యక్ష బోధన. ఆ తరువాత గుమ్మానికి తలుపు వేయించాం. ఆవిడ గొంతు గట్టిది కావడంతో కిటికీలోంచి కూడా పాఠం లోపలికి పోతోందని తెలిసి, కిటికీకి అట్టముక్కలు కొట్టించాం.

రెండో వారం డైరెక్టరు గారు ఫొటోలు పరీక్షిస్తూ, "కృత్రిమ మేధ వినియోగానికి సంఘం పది మార్కులు ఇస్తుంది. మన తోడు తరగతిలో పాల్గొంటుంది కదా, ఫొటోలో ఏదీ?" అన్నారు.

"అది సాఫ్ట్‌వేరండీ. కనపడదు" అన్నారు సువర్చల గారు.

"కనపడనిదానికి మార్కులు పడవమ్మా."

అందుకని మొదటి వరసలో ఒక కుర్చీ వేయించి, దాని మీద పాత మానిటరు పెట్టి, మెడలో గుర్తింపు కార్డు వేశాం. గుర్తింపు కార్డు కావాలంటే ప్రవేశ దరఖాస్తు ఉండాలి. నేనే నింపాను. తల్లి పేరు దగ్గర సువర్చల గారు సంతకం పెట్టారు. పుట్టుమచ్చలు రెండు రాయాలి. మానిటరు మీద రెండు గీతలున్నాయి, అవి రాశాను. ఆ విధంగా తోడు మా రెండువందల పదమూడో విద్యార్థి అయింది. ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు. పది తరగతులయ్యేసరికి, చేరిన నాటినుంచి అన్ని రోజులూ హాజరైన విద్యార్థి అదొక్కటే.

హాజరు తక్కువైనవాళ్ల జాబితా నోటీసు బోర్డులో పెట్టిన రోజు ఒకావిడ మా సెక్షన్‌కి వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన టికెట్ల సంచి. నలభై అయిదేళ్లుంటాయి. పేరు బోను అప్పలనర్సమ్మ. సాలూరు రూట్లో బస్సు కండక్టరు.

"దండాలు సూపరింటెండెంటు బాబూ. జాబితాలో నా పేరే మొదలుందని, ఫస్టొచ్చీనానేటని సంబరపడిపోనాను. తీరా సూస్తే పరీచ్చ రాయడానికి ఈల్లేదని రాసుంది."

రిజిస్టరు తీశాను. పది తరగతుల్లో ఒకటి. "ఆ ఒక్కటైనా వారపు సెలవు రోజున వచ్చి ఉంటారు" అన్నాను.

"అవునండి. మిగతా రోజులు డూటీ కదా. ఒంటిగంటకి బస్సు ఆగుతాది, ముప్పావుగంట హాల్టు. అన్నం తింటా పాఠం ఇన్నాను. ఒక్కటి ఒగ్గలేదు. రాయమన్నవన్నీ రాసీసినాను."

"రాశారు, నిజమే. కానీ వినేటప్పుడు మీరెక్కడున్నారో మా దగ్గర సాక్ష్యం లేదమ్మా."

"బస్సులో ఉన్నాను."

"ఆ బస్సు ఎక్కడుంది?"

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "ఒకనాడు సాలూర్లో, ఒకనాడు పార్వతీపురంలో. బస్సన్నాక ఒక్కకాడ ఉంటాదేటండి?"

ఆవిడ సంచి కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి నిలబడింది. "పదారేళ్లు నిలబడి టికెట్లు కొట్టినాను బాబూ. మోకాళ్లు అరిగిపోనాయి. డిగ్రీ ఉంటే బస్టాండులో కంట్రోలరు పోస్టు ఇస్తారు. కూకుని సేసే ఉజ్జోగం. ఈ ఏడు దాటితే వయసు దాటిపోద్ది. మళ్లీ అడగడానికుండదు. ఏదో దారి సూపించండి" అంది.

నిజం చెబుతున్నాను, నాకు బాధ కలిగింది. ఫైలు ముందు పెట్టుకుని బాధపడటం నా సర్వీసులో రెండోసారి. మొదటిసారి చెదలు పట్టినప్పుడు. ఇంకా ముప్పై తరగతులున్నాయి. ఆవిడకి ఇరవై తొమ్మిది కావాలి. అంటే ఇకమీదట ఒక్క రోజు తప్పిపోవచ్చు, రెండోది తప్పితే అంతే సంగతులు.

ఆవిడ వెళ్లాక సువర్చల గారు వచ్చారు. ఈసారి వినతిపత్రం తేలేదు. నా ఎదురుగా కూర్చుని, "సూపరింటెండెంటు గారూ, నా పన్నెండు కాగితాల్లోనూ ఇది తెలివితక్కువ పని అని రాశాను. తప్పు నాదే. నిబంధనని తెలివితో కొట్టలేం, ఇంకో నిబంధనతోనే కొట్టాలి. ఈ ఊళ్లో అవన్నీ నోటికొచ్చినవారు మీరొక్కరే" అన్నారు. పొగడ్త అని తెలుసు. అయినా పడిపోయాను. ఇన్నేళ్లలో నన్ను ఆ విషయంలో పొగిడినవాళ్లు లేరు.

మర్నాటినుంచి విద్యార్థులకి నాలుగు రోజులు పండగ సెలవులు. మొదటి రెండు రోజులు పాత సర్క్యులర్లు తిరగేశాను. మూడో సవరణ దగ్గర చెయ్యి ఆగింది. నిరుడు మేము సముద్రం ఒడ్డున పరిశుభ్రత కార్యక్రమం చేశాం. ఫొటోల్లో అక్షాంశాలు సముద్రానివి వచ్చాయి, విశ్వవిద్యాలయానివి రాలేదు. అప్పుడు డైరెక్టరు గారే ఈ సవరణ తెచ్చారు: "విశ్వవిద్యాలయ బ్యానరు కట్టబడిన ప్రతి ప్రదేశమును, బ్యానరు ఉన్నంతసేపు, విశ్వవిద్యాలయ ఆవరణముగనే పరిగణించవలెను." ఆ లెక్కన బంగాళాఖాతం రెండు గంటలపాటు మా ఆవరణలో ఉంది. దాన్ని తరువాత ఎవరూ రద్దు చెయ్యలేదు.

నోటు ఫైలు పెట్టాను. డైరెక్టరు గారు రెండుసార్లు చదివారు.

"బస్సుకి బ్యానరు కడితే బస్సు ఆవరణ అవుతుందంటారా?"

"సవరణ తమదేనండీ. సముద్రానికి చెల్లింది, బస్సుకి చెల్లదని రాయాలంటే కారణం చూపించాలి."

నిబంధనని కాదనే అలవాటు ఆయనకి లేదు. "బ్యానరు మీద మా ముగ్గురి ఫొటోలూ ఉండాలి" అని రాసి సంతకం పెట్టారు.

సెలవులయ్యాక మొదటి తరగతినుంచే ఒంటిగంట హాల్టులో అప్పలనర్సమ్మ సీట్ల వెనక కడ్డీకి బ్యానరు కట్టి, దాని ముందు నిలబడి ఫొటో తీసుకుని పంపేది. తేదీ మారినప్పుడల్లా మీద ఒక చీటీ అతికించేది. మొదటి రోజు బస్సులో ఒక ముసలమ్మ, "ఏటమ్మా, బస్సుకి పెళ్లేటి?" అని అడిగిందట. "కాదమ్మా, సదువు" అని చెప్పిందట ఈవిడ. తరువాత ఆ ముసలమ్మ కూడా రోజూ పాఠం వింటోందని తెలిసింది. ఆమె హాజరు వేసే వీలు మాత్రం రిజిస్టర్లో లేదు.

ఒక రోజు టైరు పంచరై ఒక తరగతి పోయింది. ఉన్న ఒక్క వెసులుబాటూ అలా ఖర్చయిపోయింది.

మూల్యాంకన సంఘం వచ్చింది ముప్పై తొమ్మిదో తరగతి రోజున. సంఘానికి అధ్యక్షులు రాయలసీమ వైపు పెద్దాయన. తెల్లటి మీసాలు, శాలువా కప్పితే వెంటనే మడిచి పక్కన పెట్టే మనిషి. ఆయన్ని హాల్లోకి తీసుకొచ్చాం. విద్యార్థులందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. అవి పని చెయ్యడం లేదని వాళ్లకి తెలుసు, అయినా క్రమశిక్షణ గలవాళ్లు. మొదటి వరసలో తోడు కుర్చీలో ఉంది. దానికి పూలదండ కూడా వేశాం.

"ఇది మా ఆన్‌లైన్ తరగతి" అన్నారు డైరెక్టరు గారు.

అధ్యక్షులు హాలంతా కలయచూశారు. "అందరూ ఈడే ఉండారు కదప్పా. మళ్ల ఆన్‌లైను ఎందుకు?"

ఆ ప్రశ్న ఎవరైనా అడగవచ్చని మేము అనుకోలేదు. డైరెక్టరు గారు కంగారుపడి, "మా కృత్రిమ మేధ వివరిస్తుందండీ" అని తోడు వైపు చెయ్యి చూపించారు. ఆ యంత్రానికీ, సువర్చల గారి పక్కగదికీ విడిగా తీగలు లాగించాం కాబట్టి ఆ రెంటికీ ఇంటర్నెట్ అందుతోంది.

పెద్దాయన కుర్చీ ముందు వంగారు. "ఏమ్మా, ఈ క్లాసులో నిన్ను ఎక్కువ ప్రశ్నలు అడిగినోళ్లెవరు?"

"అప్పలనర్సమ్మ గారండీ. మూడువందల పన్నెండు అడిగారు" అంది తోడు. "మిగతా అందరూ కలిసి ఈ నెలలో నలభై అడిగారు. అందులో ముప్పై ఆరు, ఫొటో ఎప్పుడు తీస్తారు అని."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరు గారి ముఖం పాలిపోయింది.

"ఆ యమ్మ యాడుంది?" అన్నారు పెద్దాయన.

పక్కగది తలుపు తీసి సువర్చల గారు వచ్చారు. ఆవిడ ముందున్న తెరని తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో సాలూరు బస్సు లోపలి భాగం, బ్యానరు, దాని ముందు అప్పలనర్సమ్మ కనిపించాయి. చేతిలో అన్నం గిన్నె. చుట్టూ పది పన్నెండు మంది ప్రయాణికులు మెడలు చాచి చూస్తున్నారు.

"నమస్కారం బాబుగారూ" అంది ఆవిడ. "బేగి సెప్పమనండి మేడమ్మగార్ని. ఇంకో ఇరవై నిమిషాల్లో బండి తీసీయాల."

సువర్చల గారు పాఠం చెప్పారు. అప్పలనర్సమ్మ నాలుగు ప్రశ్నలు వేసింది, ముసలమ్మ ఒకటి వేసింది. పెద్దాయన ఒక స్టూలు లాక్కుని చివరిదాకా కూర్చున్నారు. నివేదికలో ఒకే వాక్యం రాశారు: "ఇచ్చట మేము చూసిన తరగతులలో సాలూరు బస్సులో జరిగినదే ఆన్‌లైన్ తరగతి; అదియే ఆదర్శము."

నలభయ్యో తరగతికి కూడా బ్యానరు కట్టి, అప్పలనర్సమ్మ సరిగ్గా ముప్పై హాజర్లతో హాల్‌టికెట్టు తీసుకుంది. దాని మీద సంతకం నాది. ముత్యాల్లాంటి అక్షరాలతో పెట్టాను. పరీక్ష రాసింది, పాసయింది, వయసు దాటడానికి పదహారు రోజుల ముందు బస్టాండులో కంట్రోలరుగా చేరింది.

ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ డైరెక్టరు గారు ఆ నివేదికని లామినేషన్ చేయించి, రోజుకి రెండుసార్లు చదివారు. పెద్దాయన మెచ్చుకున్నది దేన్ని? బస్సుని. వేసవి తరువాత కొత్త సర్క్యులరు వచ్చింది. ఈసారి పదిహేడు పేజీలు. "ఆదర్శ విధానమును అనుసరించి, ఆన్‌లైన్ విద్యార్థులందరును ఇకమీదట ఆన్‌లైన్ తరగతులకు బస్సులయందు మాత్రమే హాజరు కావలెను."

కొత్త సంవత్సరం మొదటి తరగతి రోజున, పన్నెండున్నరకి, నేను రెండువందల ముప్పై మంది విద్యార్థులతో, పది బ్యానర్లతో, ఒక మానిటరుతో బస్టాండుకి చేరాను. కంట్రోలరు గది కిటికీ దగ్గరికి వెళ్లాను. అప్పలనర్సమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వి, ఇంకో కుర్చీ వేయించి, టీ తెప్పించింది.

"ఎన్ని బస్సులు కావాలి బాబూ?"

"అయిదు."

"ఏ ఊరెల్లాలి?"

"ఏ ఊరూ వెళ్లక్కర్లేదమ్మా. ఆన్‌లైన్ క్లాసు."

ఆవిడ కిటికీలోంచి ప్లాట్‌ఫారం మీది జనాన్ని చూసింది. పసిపిల్లని చంకనేసుకుని ఒక నర్సు నిలబడి ఉంది. నిచ్చెన పట్టుకుని డ్యూటీలోంచి వచ్చేసిన ఒక లైన్‌మన్ ఉన్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం కోపం వచ్చింది.

"ఈళ్లనిలాగ తిప్పీడమేటి బాబూ? ఎక్కడోళ్లని అక్కడ ఉండనిచ్చీసి, ఫోన్లో పాఠం సెప్పీకూడదేటి?"

నేను నిర్ఘాంతపోయాను. వినగానే ఎంతో సబబుగా తోచింది. అచ్చం ఇదే మాట సువర్చల గారు పన్నెండుసార్లు రాసిచ్చారు, నేనే నంబర్లు వేశాను. కానీ అలవాటు కొద్దీ, "ఆ మాట కాగితం మీద ఇవ్వగలరా?" అని అడిగాను.

"ఎందుకివ్వనూ" అని సొరుగు లాగి తెల్లకాగితం తీసింది. నాలుగు వరసలు రాసింది. అక్షరదోషం ఒక్కటి లేదు. కింద సంతకం పెట్టి, ఇంకు ప్యాడు మూత తీసి, గుండ్రటి రబ్బరు స్టాంపు రెండుసార్లు అద్ది, కాగితం మీద బలంగా గుద్దింది. బల్ల మీద టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా డైరెక్టరు గారి దగ్గరికి పోయాను. ఆయన ముందు రాత చూశారు, తరువాత సంతకం చూశారు, ఆ తరువాత స్టాంపుని చాలాసేపు చూశారు. అది మా విశ్వవిద్యాలయం స్టాంపు కంటే పెద్దది. మెల్లగా కళ్లజోడు తీసి, "సమర్థ అధికారి నుంచి వచ్చింది" అన్నారు.

సాయంత్రానికి సర్క్యులరు వెలువడింది. ఈసారి దాన్ని గంభీరం చేయించడానికి కూడా ఆయన ఆగలేదు. మొత్తం ఒకటే వాక్యం: "బస్టాండు కంట్రోలరు గారి ఆదేశానుసారము, ఆన్‌లైన్ విద్యార్థులు ఇకమీదట ఆన్‌లైన్‌లో హాజరు కావచ్చును."